12,34,56,789 లోపల ఏముంది? ఒక పెద్ద సంఖ్యను చేత్తో విప్పి చూసే పద్ధతి

పెద్ద సంఖ్య ఎదురైతే చాలామంది వెంటనే కాలిక్యులేటర్ తీస్తారు. కూడికో గుణకారమో అయితే అది చాలు. కానీ ఆ సంఖ్య స్వభావం ఏమిటి, ఏ ముక్కలతో తయారైంది, ఏ సంఖ్యలతో భాగిస్తే శేషం మిగలదు, ఎందుకు మిగలదు అన్నవి తెలియాలంటే నోట్‌బుక్, పెన్ను పట్టుకుని కాసేపు కూర్చోవాల్సిందే. ఆ కూర్చోవడం ఎలాగో ఇక్కడ ఒకే ఒక్క సంఖ్యతో చూపిస్తాను.

1 నుంచి 9 వరకు అంకెల్ని వరసగా రాస్తే వచ్చే 123456789ను ఎంచుకున్నాను. కీప్యాడ్ మీద వేలు జారినా పడే సంఖ్య ఇది. ఇంత మామూలుగా కనిపించే దాని లోపల ఏముందో చాలామందికి తెలియదు. 20 వరకు ఎక్కాలు వస్తే ఈ పని మొత్తం చేత్తోనే అయిపోతుంది. మీ దగ్గర వేరే సంఖ్య ఉంటే దాన్ని పక్కన రాసుకుని, ప్రతి అడుగూ దాని మీద కూడా వేసి చూడండి.

అడుగు 1: ముందు చదవండి

పైకి చదవండి: పన్నెండు కోట్ల ముప్పై నాలుగు లక్షల యాభై ఆరు వేల ఏడు వందల ఎనభై తొమ్మిది. తొమ్మిది అంకెలు. చివరి అంకె 9, కాబట్టి బేసి సంఖ్య. అంటే 2తో, 4తో, ఇంకే సరి సంఖ్యతోనూ భాగించలేం. చివర 0 గానీ 5 గానీ లేదు, కాబట్టి 5తో కూడా కుదరదు. ఇదంతా అర నిమిషం పని.

అడుగు 2: అంకెల మొత్తం

1+2+3+4+5+6+7+8+9 = 45. 45ను 9తో భాగిస్తే శేషం సున్నా. కాబట్టి అసలు సంఖ్యను 9తో భాగించినా శేషం సున్నాయే.

ఎందుకలా? 10ని 9తో భాగిస్తే శేషం 1. 100ని భాగించినా 1, కోటిని భాగించినా 1. అంటే 9 దృష్టిలో ఏ స్థానంలో ఉన్న అంకె అయినా ఒకటే, దాని స్థానవిలువకు లెక్క లేదు. అందుకే అంకెలు కూడితే చాలు. కారణం తెలిస్తే ఈ సూత్రాన్ని బట్టీ పట్టక్కర్లేదు.

ఇక్కడ ఒక మంచి విషయం ఉంది. ఈ తొమ్మిది అంకెల్ని ఎలా తారుమారు చేసినా మొత్తం 45 మారదు. 1 నుంచి 9 వరకు అంకెల్ని ఒక్కోసారి వాడి 3,62,880 సంఖ్యలు రాయొచ్చు. అవన్నీ 9 గుణిజాలే. వాటిలో ఒక్కటంటే ఒక్కటి కూడా ప్రధాన సంఖ్య కాదు. అంకెలు ఒక్కసారి కూడినందుకు మూడున్నర లక్షలకు పైగా సంఖ్యల గురించి ఒకేసారి తేలిపోయింది!

ఇప్పుడు భాగించండి: 12,34,56,789 ÷ 9 = 1,37,17,421. దీని అంకెల మొత్తం 26. 26ను 3తో భాగించలేం, కాబట్టి ఇక ఇందులో 3 లేదు. మన సంఖ్యలో 3 సరిగ్గా రెండుసార్లే ఉంది.

అడుగు 3: మూడేసి అంకెల గుంపులు

7, 11, 13 అనే మూడింటినీ ఒకే దెబ్బతో పరీక్షించవచ్చు. 7 × 11 × 13 = 1001 కావడమే దీనికి ఆధారం. ఇక్కడ ఒక జాగ్రత్త: మన కోట్లు, లక్షల కామాలు ఈ పనికి పనికిరావు. కామాలు తీసేసి, కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టండి: 123 | 456 | 789.

కుడి నుంచి మొదలుపెట్టి ఒకసారి కలుపుతూ, ఒకసారి తీసేస్తూ వెళ్ళండి: 789 − 456 + 123 = 456. అసలు సంఖ్యను 7, 11, 13లతో భాగిస్తే ఏ శేషాలు వస్తాయో, ఈ 456ను భాగించినా అవే వస్తాయి. 455 అంటే 5 × 7 × 13. కాబట్టి 7తో శేషం 1, 13తో కూడా శేషం 1. 11తో భాగిస్తే 451 పోను శేషం 5. మూడూ పోయాయి.

అవే గుంపుల్ని అన్నీ కూడితే 37 సంగతి తెలుస్తుంది, ఎందుకంటే 999 = 27 × 37. 123 + 456 + 789 = 1368. ఇది నాలుగు అంకెలు కాబట్టి మళ్ళీ గుంపులు చేసి 1 + 368 = 369. 37 × 9 = 333 పోను 36 మిగిలింది. 37 కూడా కాదు.

అడుగు 4: వర్గమూలం ఎంతో తెలుసుకోండి

కారణాంకాల కోసం ఎంతదాకా వెతకాలో చెప్పేది వర్గమూలమే. ఒక సంఖ్యకు కారణాంకాలుంటే అవి జంటలుగా ఉంటాయి, ప్రతి జంటలోనూ ఒకటి వర్గమూలాన్ని మించదు.

11111 × 11111 ఎంతో చేసి చూడండి: 12,34,54,321. అంకెలు 5 దాకా ఎక్కి మళ్ళీ దిగుతాయి. తర్వాతి వర్గం 11112² = 12,34,76,544. మన సంఖ్య ఈ రెంటి మధ్య ఉంది, కాబట్టి అది వర్గ సంఖ్య కాదు. వర్గమూలం 11111 కంటే కొంచెం ఎక్కువ, దాదాపు 11111.11. 9తో భాగించాక మిగిలిన 1,37,17,421కి వర్గమూలం దాదాపు 3703.7. ఈ 3703.7ను పక్కన పెద్దగా రాసుకోండి, కాసేపట్లో దీనితో పని ఉంది.

అడుగు 5: చిన్న ప్రధాన సంఖ్యలతో భాగించండి, కానీ ఎక్కడ ఆపాలో తెలుసుకోండి

ఇక 1,37,17,421ని 17తో భాగిస్తే శేషం 2. 19తో 10. 23తో 14. ఇలా ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగిస్తూ పోవచ్చు. పద్ధతిలో తప్పేమీ లేదు, ఎప్పటికైనా జవాబు వస్తుంది. కానీ ఆ 'ఎప్పటికైనా' ఎంత దూరమో చూడండి. ఈ సంఖ్యను భాగించే మొదటి ప్రధాన సంఖ్య 3607. అది 504వ ప్రధాన సంఖ్య. 3703 దాకా వెళ్ళాల్సిన దారిలో దాదాపు చివర కూర్చుని ఉంది. అంటే అన్ని వందల భాగహారాలు చేసినా ప్రతిసారీ శేషం మిగులుతూనే ఉంటుంది.

నేను మొదటిసారి ఈ సంఖ్యతో కూర్చున్నప్పుడు నాలుగు పేజీలు నిండాయి, రెండు వందల దగ్గరికి వచ్చేసరికి ఇది ప్రధాన సంఖ్యేమో అనే అనుమానం మొదలైంది. ఆ అనుమానం చాలామందికి వస్తుంది. చిన్న కారణాంకాలు దొరకలేదు కాబట్టి అసలు లేవనుకోవడం తప్పు. చేత్తో చేసేటప్పుడు నేను పాటించే పద్ధతి ఇది: 100 లోపు ఉన్న 25 ప్రధాన సంఖ్యలతో చూడాలి. దొరక్కపోతే భాగహారం ఆపి, దారి మార్చాలి.

అడుగు 6: ఫెర్మా దారి

ఈ మార్గదర్శి మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది. 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు పియెర్ ద ఫెర్మా వృత్తికి న్యాయవాది. ఆయన 202,76,51,281 అనే సంఖ్యను విడగొట్టి చూపించిన పద్ధతి ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

బడిలో అందరం నేర్చుకున్న సూత్రమే దీనికి మూలం: క² − గ² = (క − గ)(క + గ). మన సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయగలిగితే కారణాంకాలు వాటంతటవే బయటపడతాయి. కాబట్టి భాగించడం మానేసి, వర్గాల కోసం వెతకాలి.

వర్గమూలం 3703.7 కదా. దానికి పైన ఉన్న మొదటి పూర్ణసంఖ్య 3704 నుంచి మొదలుపెడతాం.

3704² = 1,37,19,616. ఇందులోంచి 1,37,17,421 తీసేస్తే 2195. ఇది వర్గ సంఖ్యా? లెక్క అక్కర్లేదు. 5తో ముగిసే ఏ వర్గ సంఖ్య అయినా 25తోనే ముగియాలి. ఇది 95తో ముగిసింది, కాబట్టి కాదు.

3705² = 1,37,27,025. తీసివేత చేస్తే 9604. చివర 04 ఉంది, కాబట్టి అయ్యే అవకాశముంది. 100² = 10,000 కంటే కొంచెం తక్కువ. 98 × 98 చేసి చూడండి. 9604!

అయిపోయింది. క = 3705, గ = 98. కారణాంకాలు 3705 − 98 = 3607, 3705 + 98 = 3803.

వందల భాగహారాల్లో దొరకనిది రెండో ప్రయత్నంలో దొరికింది. ఇది అదృష్టం కాదు. 3607, 3803 రెండూ వర్గమూలానికి దగ్గర్లో, దాదాపు సమాన దూరంలో అటొకటి ఇటొకటి ఉన్నాయి. మామూలు భాగహారం కింద నుంచి పైకి వస్తుంది కాబట్టి వీటిని చివర్లో చేరుతుంది. ఫెర్మా పద్ధతి వర్గమూలం దగ్గరే మొదలవుతుంది కాబట్టి వీటిని ముందే పట్టుకుంటుంది. అదే ఒక కారణాంకం బాగా చిన్నదై, రెండోది బాగా పెద్దదై ఉంటే ఫెర్మా పద్ధతికి వేల అడుగులు పడతాయి, అప్పుడు భాగహారమే మేలు. అందుకే ముందు చిన్న ప్రధాన సంఖ్యలతో చూసి, తర్వాత ఇటు రావాలి. ఒక పదిహేను ఇరవై ప్రయత్నాల్లో దొరక్కపోతే ఇక చేత్తో కష్టమే, కంప్యూటర్‌కు అప్పగించండి.

9తో ముందుగా భాగించకపోయినా ఇదే పద్ధతి పనిచేసేది. 11112², 11113², 11114²ల నుంచి మన సంఖ్యను తీసేస్తే వరసగా 19755, 41980, 64207 వస్తాయి. మొదటిది 55తో, రెండోది ఒకే ఒక్క సున్నాతో, మూడోది 7తో ముగిశాయి. వర్గ సంఖ్యలేవీ అలా ముగియవు. నాలుగోది 11115² − 12,34,56,789 = 86,436. ఇది 294కు వర్గం. దాంతో 10821 × 11409 అనే జంట దొరుకుతుంది. రెండింటిలోంచీ ఒక్కో 3 తీస్తే మళ్ళీ 3607, 3803. చివరి రెండంకెలు చూసి వర్గ సంఖ్య కానిదాన్ని పక్కన పెట్టే అలవాటు ఈ పద్ధతికి ప్రాణం. అది లేకపోతే ప్రతిసారీ వర్గమూలం కట్టుకుంటూ కూర్చోవాలి.

రహస్య సమాచారాన్ని కాపాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతి రెండు భారీ ప్రధాన సంఖ్యల లబ్ధం మీద నిలబడి ఉంది. ఆ రెంటినీ ఒకదానికొకటి మరీ దగ్గరగా ఎంచుకోకూడదు అన్న నియమానికి కారణం సరిగ్గా మనం ఇప్పుడు చూసిందే. దగ్గరగా ఉంటే తాళం రెండు మూడు ప్రయత్నాల్లో ఊడొస్తుంది. జాగ్రత్తగా ఎంచుకుంటే మాత్రం ఎంత కష్టమో 129 అంకెల ఒక సంఖ్య చూపించింది. 1977లో సవాలుగా ప్రకటించిన దాన్ని 1994లో గానీ విడగొట్టలేకపోయారు.

అడుగు 7: దొరికినవి నిజంగా ప్రధాన సంఖ్యలేనా?

ఈ అడుగు వదిలేస్తే కింద చేసే లెక్కలన్నీ తప్పుతాయి. 3607 వర్గమూలం 60 కంటే కాస్త ఎక్కువ, కాబట్టి 59 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. 3803కి 61 దాకా. 100 లోపు సంఖ్యలతో అసలు సంఖ్యను ముందే పరీక్షించి ఉంటే ఈ పని కూడా అప్పుడే అయిపోయినట్టు. లబ్ధాన్ని భాగించని ప్రధాన సంఖ్య దాని కారణాంకాల్నీ భాగించదు కదా. రెండూ ప్రధాన సంఖ్యలే.

కాబట్టి 12,34,56,789 = 3 × 3 × 3607 × 3803. ప్రధాన కారణాంకాలుగా విడగొట్టే దారి ఇదొక్కటే, వరస మార్చి రాయొచ్చు గానీ ఇంకో రకంగా విడదీయలేం.

గుణకారం సరిగ్గా చేశామో లేదో కాలిక్యులేటర్ లేకుండా చూసుకునే దారి కూడా ఉంది. 3607 అంకెల మొత్తం 16, దాన్ని మళ్ళీ కూడితే 7. 3803కి 14, అంటే 5. 7 × 5 = 35, అంటే 8. లబ్ధం 1,37,17,421కి 26, అంటే 8. సరిపోయింది. అంకెలు తారుమారై ఉంటే మాత్రం ఈ పరీక్ష పట్టుకోలేదు, అందుకని 11తో కూడా చూడటం మంచిది: 3607ను 11తో భాగిస్తే 10, 3803ను భాగిస్తే 8. 80ని భాగిస్తే 3. లబ్ధాన్ని భాగించినా 3.

అడుగు 8: కారణాంకాల నుంచి మిగతావన్నీ

ఒక్కసారి ప్రధాన కారణాంకాలు చేతికొస్తే మిగతా ధర్మాలన్నీ చిన్న గుణకారాలే.

మొత్తం ఎన్ని భాజకాలు? ఒక్కో ప్రధాన సంఖ్యను ఎన్నిసార్లు తీసుకోవచ్చో లెక్కపెట్టండి. 3ను అసలు తీసుకోకపోవచ్చు, ఒకసారి తీసుకోవచ్చు, రెండుసార్లు తీసుకోవచ్చు, అంటే మూడు దారులు. 3607కు రెండు, 3803కు రెండు. 3 × 2 × 2 = 12. అవి 1, 3, 9, 3607, 3803, 10821, 11409, 32463, 34227, 1,37,17,421, 4,11,52,263, చివరగా 12,34,56,789. ఇంత పెద్ద సంఖ్యకు పన్నెండే.

ఆ పన్నెండింటి మొత్తం కావాలంటే ఒక్కొక్కటీ కూడక్కర్లేదు. (1 + 3 + 9) × (1 + 3607) × (1 + 3803) = 13 × 3608 × 3804 = 17,84,22,816. బ్రాకెట్లు విప్పితే పన్నెండు భాజకాలూ ఒక్కోసారి వస్తాయి, అందుకే ఈ లెక్క పనిచేస్తుంది. ఇందులోంచి సంఖ్యనే తీసేస్తే మిగిలేది 5,49,66,027. 6 లాంటి పరిపూర్ణ సంఖ్యలో 1 + 2 + 3 కలిసి సంఖ్యకు సరిగ్గా సమానమవుతాయి. ఇక్కడ సగం కూడా రాలేదు.

1 నుంచి 12,34,56,789 దాకా ఉన్న సంఖ్యల్లో, దీనితో 1 తప్ప ఉమ్మడి భాజకం లేనివి ఎన్ని? గణితజ్ఞుడు ఆయిలర్ సూత్రం ప్రకారం ఒక్కో ప్రధాన కారణాంకంలోంచి 1 తీసి గుణించాలి, 3 రెండుసార్లు ఉంది కాబట్టి ఇంకో 3తో కూడా: 3 × 2 × 3606 × 3802 = 8,22,60,072. ఇది దాదాపు మూడింట రెండు వంతులు. ఎందుకంటే 3 గుణిజాలు మూడో వంతును తీసేస్తాయి, 3607, 3803ల గుణిజాలు చాలా అరుదు కాబట్టి వాటివల్ల పోయేది చాలా తక్కువ. జవాబు వచ్చాక ఇలా ఒక అంచనాతో పోల్చి చూసుకోండి. పొరపాటు జరిగి ఉంటే ఇక్కడే తెలిసిపోతుంది.

అడుగు 9: రెండు వర్గాల మొత్తంగా రాయగలమా?

తేడాగా రాశాం. మరి మొత్తంగా? ఇక్కడ చాలామంది తొందరపడతారు. 89ని 4తో భాగిస్తే శేషం 1, కాబట్టి మన సంఖ్యకు కూడా శేషం 1. శేషం 3 వస్తే కుదరదని తెలుసు కాబట్టి, 1 వచ్చింది కదా కుదురుతుందని అనుకుంటారు. ప్రధాన సంఖ్యలకైతే అది నిజం. సంయుక్త సంఖ్యలకు లోపల చూడాలి: 4తో భాగిస్తే 3 మిగిలే ప్రతి ప్రధాన కారణాంకమూ సరి సంఖ్య సార్లు రావాలి. 3 రెండుసార్లు వచ్చింది, ఇబ్బంది లేదు. కానీ 3607కు శేషం 3, 3803కు కూడా శేషం 3, రెండూ ఒక్కోసారే వచ్చాయి. కాబట్టి కుదరదు. ఎంత వెతికినా దొరకదని వెతక్కుండానే తేలింది. బయటి శేషం చూసి అవునన్నది లోపలి కారణాంకాలు చూశాక కాదని తేలడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

అడుగు 10: వేరే రూపాల్లో

బైనరీలోకి మార్చాలంటే 2తో భాగిస్తూ శేషాల్ని కింది నుంచి పైకి రాయడమే: 111 0101 1011 1100 1101 0001 0101. మొత్తం 27 స్థానాలు, అందులో 16 ఒకట్లు.

దశాంశాల సంగతి మాత్రం ఇంతకంటే అందంగా ఉంటుంది. 0.012345678901234567890123... అని పది అంకెలూ వరసగా తిరిగి తిరిగి వచ్చే దశాంశం ఏ భిన్నం? తిరిగే గుంపులో పది అంకెలున్నాయి కాబట్టి కింద పది తొమ్మిదులు పెట్టాలి: 12,34,56,789 / 999,99,99,999. పైనా కిందా 9తో కొట్టేస్తే 1,37,17,421 / 111,11,11,111. రెండో అడుగులో శేషం లేకుండా వచ్చిన ఆ సంఖ్యే మళ్ళీ పైకి వచ్చింది. కింద ఉన్న పది ఒకట్ల సంఖ్య 11 × 41 × 271 × 9091. మన 3607, 3803 ఇందులో లేవు కాబట్టి ఈ భిన్నాన్ని ఇంతకంటే కుదించలేం.

అడుగు 11: తిరగేసిన సంఖ్య

ఇక 98,76,54,321ని తీసుకోండి. అవే అంకెలు, వెనక నుంచి. ఈ రెంటి గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) కనుక్కోవడానికి యూక్లిడ్ పద్ధతిలో పెద్దదాన్ని చిన్నదానితో భాగించండి. 12,34,56,789 × 8 = 98,76,54,312. శేషం 9 మాత్రమే! రెండు సంఖ్యల్నీ భాగించేది ఏదైనా ఈ శేషాన్నీ భాగించాలి. 9 మన సంఖ్యను నిశ్శేషంగా భాగిస్తుందని రెండో అడుగులోనే తెలిసింది, కాబట్టి గసాభా 9. ఒక్క భాగహారంతో అయిపోయింది. దీన్నిబట్టి తిరగేసిన సంఖ్యలో 3607 గానీ 3803 గానీ ఉండవని కూడా తెలిసింది.

దాని లోపల ఏముందో మీరు విప్పి చూడండి. 9తో భాగించడం దగ్గర మొదలుపెట్టండి. 7, 11, 13లకు మూడేసి అంకెల గుంపుల్ని కలిపి తీస్తే 654 వస్తుంది, మూడింటితోనూ శేషం మిగులుతుంది. 17 దగ్గరికి వచ్చాక ఒకసారి భాగించి ఆగిపోకండి. వచ్చిన భాగఫలాన్ని మళ్ళీ 17తో భాగించి చూడండి.